'బిట్'కు దీర్ఘం ఏది?



అదిలాబాదు నుంచి బేల మీదుగా వచ్చే రోడ్డు రాష్ట్రపు హద్దు దాటి మా కోర్పనాకు చేరి, అక్కడి నుంచి గడ్‌చాందూర్, రాజురాల వైపు సాగిపోతుంది. ఈ రోడ్డు పొడుగునా ఉన్న ఊళ్ళలో ఎందరో పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, అంగట్లో మరాఠీ మాట్లాడతారు. కొన్ని గూడేలలోనైతే బిడ్డ పలికే తొలి మాట గోండీయో, కొలామీయో అవుతుంది. బడికి వచ్చేసరికి వీటన్నిటి మీదికి ఇంగ్లీషు చేరుతుంది. మహారాష్ట్రలో 2000వ సంవత్సరం నుంచి ఏ మాధ్యమపు బడి అయినా ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశం. ఇటువంటి చోట తెలుగు చెప్పే ఉపాధ్యాయుణ్ణి తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న మీకు తెలియనిది కాదు. "తెలుగుల చదివితే ఇంగ్లీషు వస్తదా సార్?"

ఈ ప్రశ్నకు పెద్ద పెద్ద సిద్ధాంతాలతో జవాబు చెప్పవచ్చు. నేను మాత్రం ఒక చిన్న విషయాన్ని పట్టుకుని చెప్పదలచాను. ఇంగ్లీషు మాటల్లో హ్రస్వాన్నీ దీర్ఘాన్నీ వేరుగా గుర్తించడమే ఆ విషయం. తెలుగు పిల్లవాడికి ఈ భేదం పుట్టుకతో వచ్చిన ఆస్తి. దాన్ని వాడుకోవడం తెలియక మనమే వాడి చేతిలోంచి లాగేసుకుంటున్నామని నా అభిప్రాయం. ఆ పని చేసినవారిలో నేనూ ఒకణ్ణి కనుక ముందు నా సంగతే చెబుతాను.

నేను దిద్దిన తప్పు

కొన్నేళ్ళ కిందట నాలుగో తరగతిలో నల్లబల్ల మీద రెండు గళ్ళు గీశాను. ఒకదానిపై 'హ్రస్వం', మరొకదానిపై 'దీర్ఘం' అని రాశాను. ఇంగ్లీషు బోధన పుస్తకాల్లో కనబడే 'షార్ట్ వవెల్', 'లాంగ్ వవెల్' అనే మాటలకు అవే సరైన తెలుగు మాటలని నా నమ్మకం. హ్రస్వం కింద 'బిట్' (ముక్క) అని రాసి, దీనికి దీర్ఘం ఏదో చెప్పమన్నాను. ముందు వరుసలోని పిల్లవాడు వెంటనే లేచి "బీట్" అన్నాడు. నా చేతిలోని పుస్తకంలో ఉన్న జవాబు 'బైట్' (కొరకడం). తప్పు అన్నాను.

వాడు కూర్చోలేదు. "గుణింతంల ఇకారానికి దీర్ఘం ఈకారమని మీరే చెప్పిన్రు గదా సార్" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. "ఇంగ్లీషులో అంతే, కూర్చో" అన్నాను.

ఆ తరువాత చాలా రోజులు వాడు చేయి ఎత్తలేదు. మరుసటి ఏడు వాళ్ళ నాన్న వాణ్ణి ఇంగ్లీషు మాధ్యమం బడికి మార్చాడు. "తెలుగు అక్షరాలతోని ఇంగ్లీషు ఖరాబైతదట గదా సార్" అని వెళ్ళేటప్పుడు ఆయన అన్న మాట నేటికీ నాకు గుర్తుంది. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ మాటకు రుజువు దొరికింది నా తరగతిలోనే కదా అన్నదే నా బాధ.

ఒకే పేరు, రెండు సంగతులు

పిల్లవాడు చెప్పినది తప్పు కాదని తరువాత నాకు తెలిసింది. తప్పు నేను వాడిన పేరులో ఉంది.

తెలుగులో హ్రస్వ దీర్ఘాలు కాలానికి సంబంధించినవి. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అని ఛందస్సులో చదువుకున్నాం. పాణిని హ్రస్వ దీర్ఘ ప్లుతాలను ఉకారంతో చూపాడు; ఆ మూడూ కోడికూతలో వినబడతాయని సంప్రదాయజ్ఞులు చెబుతారు. 'పడు' వేరు, 'పాడు' వేరు. 'మెడ' వేరు, 'మేడ' వేరు. 'కొన' వేరు, 'కోన' వేరు. ఇవి నేర్పకముందే మన బిడ్డ చెవికి తెలుసు.

ఇంగ్లీషు పలుకును శాస్త్రదృష్టితో పరిశీలించేవారు 'బిట్', 'బీట్' అనే జంటనే హ్రస్వ దీర్ఘాలుగా చూపుతారు. కానీ చదవడం నేర్పే పుస్తకాలు రాతను బట్టి నడుస్తాయి. వాటిలో 'లాంగ్ వవెల్' అంటే అక్షరం తన పేరునే పలకడం. 'ఐ' అనే అక్షరం 'ఐ' అని పలికితే లాంగ్, 'ఇ' అని పలికితే షార్ట్. అదే విధంగా 'ఏ' అనే అక్షరం 'కేక్'లో లాంగ్, 'క్యాట్'లో షార్ట్. ఇది రాతకు సంబంధించిన ఏర్పాటు; మాత్రల లెక్క కాదు. నేను ఈ రెండింటికీ ఒకే పేరు పెట్టి, పిల్లవాడి చెవిని నా పుస్తకంతో కొట్టేశాను.

అచ్చు యంత్రం, అచ్చులు

మరి ఇంగ్లీషువారే 'ఇ'కి దీర్ఘం 'ఐ' అని ఎందుకు అంటున్నారు? దీనికి వారి భాషా చరిత్రలో కారణం ఉంది.

ఛాసర్ కవి కాలంలో, అంటే 14వ శతాబ్దంలో, ఇప్పుడు 'బైట్' అనే మాటలోని అచ్చును 'ఈ' అనే పలికేవారు. ఇప్పటి 'హౌస్' అప్పుడు 'హూస్'. ఇప్పటి 'మూన్'లో అప్పుడు ఉన్నది 'ఓ'. ఇప్పటి 'నేమ్' అప్పుడు దాదాపు 'నామ'. మన 'నామం'కు అది దూరపు చుట్టమే. సుమారు 1400 నుంచి 1700 వరకు సాగిన కాలంలో ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ ఒక్కొక్కటిగా తమ చోటు మార్చుకున్నాయి. డెన్మార్క్ భాషావేత్త ఒట్టో యెస్పర్సన్ ఈ మార్పుకు 'గ్రేట్ వవెల్ షిఫ్ట్' అని పేరు పెట్టాడు. అచ్చుల మహా పరివర్తన అనుకోవచ్చు.

ఈ మార్పు నడుస్తూ ఉండగానే, 1476లో, విలియం కాక్స్‌టన్ ఇంగ్లండులో తొలి అచ్చు యంత్రం నెలకొల్పాడు. పుస్తకాలు పెరిగే కొద్దీ రాత గట్టిపడింది. నోటి పలుకు మాత్రం మారుతూ పోయింది. అచ్చు నిలిచింది, అచ్చులు కదిలాయి. ఇంగ్లీషు రాతకూ పలుకుకూ పొత్తు కుదరకపోవడానికి ఉన్న పెద్ద కారణాల్లో ఇది ఒకటి. ఐదే అక్షరాలతో, దక్షిణ ఇంగ్లండు శిష్టుల పలుకులో ఉన్న 20 వరకు అచ్చు ధ్వనులను రాయవలసి రావడం మరొక కారణం.

కనుక 'బిట్'కు దీర్ఘం 'బీట్' అన్న మా పిల్లవాడు చెవిని బట్టి నేటికీ ఒప్పే. రాతను బట్టి చూసినా, ఆరు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లండులో వాడి జవాబుకు పూర్తి మార్కులు పడేవి.

అవ్వ నోటి ఇంగ్లీషు

ఇక మనకున్న ఆస్తి సంగతి చెబుతాను. మీ ఇంట్లో చదువురాని అవ్వ ఉంటే ఆమె మాటలను ఒక పూట శ్రద్ధగా వినండి. ఆమె నోట బస్సు, బిల్లు, కప్పు, పెన్ను, చెక్కు, టికెట్టు అనే మాటలు వస్తాయి. సీటు, రేటు, నోటు, కోటు, గేటు, ఫీజు, స్కూలు అనే మాటలూ వస్తాయి. రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూడండి. హ్రస్వం తరువాతి హల్లు రెట్టించింది. దీర్ఘం తరువాతి హల్లు ఒంటిగానే నిలిచింది. ఈ నియమాన్ని అవ్వకు ఎవరూ నేర్పలేదు. 'రోడ్డు' వంటి మాటలు కొన్ని దారి తప్పుతాయి గాని, ఎక్కువ మాటలు ఈ బాటనే నడుస్తాయి. అంటే ఇంగ్లీషు అక్షరం ఒక్కటి కూడా రాని అవ్వ ఇంగ్లీషు హ్రస్వ దీర్ఘాలను చెవితో పట్టుకుని, తన నోటితో గుర్తు పెట్టి మనకు అందిస్తోంది.

ఇప్పుడు ఇంగ్లీషు రాతను చూడండి. 'బిట్టర్' (చేదు) అని రాసేటప్పుడు 'టి' రెండుసార్లు వస్తుంది. 'బైటర్' (కొరికేది) అని రాసేటప్పుడు ఒక్కసారే. 'ఫిల్లింగ్' (నింపడం)లో 'ఎల్' రెండు. 'ఫైలింగ్' (ఫైలు చేయడం)లో ఒకటి. 'సప్పర్' (రాత్రి భోజనం)లో 'పి' రెండు, 'సూపర్'లో ఒకటి. ఇంగ్లీషువారు ఆ హల్లును నోటితో రెట్టించరు, రాతలో మాత్రమే రెట్టిస్తారు. కానీ ఆ రెట్టింపు చెప్పే సంగతి అవ్వ చెప్పినదే: దీని ముందున్న అచ్చు పొట్టిది. రెండు భాషల్లోనూ ఇలా జరగడానికి కారణాలు వేరు కావచ్చు. పిల్లవాడికి మాత్రం ఇది నేరుగా పనికివచ్చే తాళంచెవి. దీన్ని తెలుగులో చెబితే అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది. 'ఇంగ్లీషు పీరియడులో తెలుగు మాట్లాడరాదు' అనే నియమం పెట్టుకున్న చోట ఏడాది గడిచినా అర్థం కాదు.

మన లిపి బలం, మన లిపి లోటు

మా ప్రాంతంలో ఇంకొక చిక్కు ఉంది. పిల్లలు వాడే ఇంగ్లీషు సహాయక పుస్తకాల్లో పలుకును ఎక్కువగా దేవనాగరిలో రాస్తారు. మరాఠీ గొప్ప భాష. మాకు అన్నం పెట్టే భాష. కానీ మరాఠీ రాతలో ఎకారానికీ ఒకారానికీ హ్రస్వ రూపాలు వేరుగా లేవు. 'టెస్ట్' (పరీక్ష), 'టేస్ట్' (రుచి) రెండూ ఒకే విధంగా రాయవలసి వస్తుంది. 'గెట్', 'గేట్' అంతే. 'సెల్', 'సేల్' అంతే. ఇ-ఈ, ఉ-ఊ లకు వేరు అక్షరాలున్నా, మరాఠీ పలుకులో వాటి భేదం అర్థాన్ని మార్చే సందర్భాలు తక్కువ. తెలుగు పిల్లవాడు ఆ పుస్తకాన్ని నమ్ముకుని "రేపు టేస్ట్ ఉంది సార్" అంటాడు. ఎ, ఏ లను వేరుగా రాయగల లిపి చేతిలో ఉండి, లేని లిపి ద్వారా నేర్చుకోవడం చెరువు గట్టున కూర్చుని దాహం దాహం అన్నట్టు ఉంటుంది. మా గూడేల్లోని కొలామీ కూడా ద్రావిడ భాషే. దానిలోనూ ఎ-ఏ, ఒ-ఓ భేదం ఉంది. ఆ పిల్లలకూ ఈ దారే సుగమం.

అయితే మన లిపిలో అన్నీ ఉన్నాయని గొప్పలు చెప్పుకోరాదు. లోట్లూ ఉన్నాయి.

మొదటిది 'క్యాట్', 'బ్యాగ్' మాటల్లోని అచ్చు. తెలుగు పలుకులో ఇటువంటి ధ్వని ఉంది గాని దానికి ప్రత్యేకమైన అక్షరం లేదు. అందుకే యకారం చేర్చి 'బ్యాగు' అని రాస్తాం. ఇంగ్లీషు పుస్తకం దాన్ని షార్ట్ అంటుంది. మన చెవి దీర్ఘంగా వింటుంది. కాబట్టే అవ్వ 'బ్యాగ్గు' అనదు, 'బ్యాగు' అంటుంది. రెండవది 'షాప్', 'డాక్టర్' మాటల్లోని అచ్చు. అది ఆకారమూ కాదు, ఒకారమూ కాదు. ఈ రెండు ధ్వనులకూ మరాఠీవారు అక్షరం మీద అర్ధచంద్రాకారపు గుర్తు ఒకటి పెట్టి చక్కని ఏర్పాటు చేసుకున్నారు. మన పిల్లలకు మరాఠీ వచ్చు కనుక ఈ రెండింటినీ ఆ గుర్తుతోనే చెబుతాను. పొరుగింటివారి దగ్గర మంచి పనిముట్టు ఉంటే అడిగి తెచ్చుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

మూడవ లోటు సూక్ష్మమైనది. ఇంగ్లీషులో 'షిప్' (ఓడ), 'షీప్' (గొర్రె) మాటల మధ్య ఉన్న తేడా నిడివి ఒక్కటే కాదు. 'షిప్'లోని ఇకారం మన ఇకారమంత బిగువుగా ఉండదు. కాస్త సడలి, ఎకారం వైపు ఒరుగుతుంది. పైగా క, ట, ప వంటి పరుషాల ముందు ఇంగ్లీషు అచ్చులు కురుచవుతాయి. గ, డ, బ వంటి సరళాల ముందు సాగుతాయి. 'బీట్'లోని ఈకారం కంటే 'బీడ్' (పూస)లోని ఈకారం పొడవు. కాబట్టి ఇంగ్లండువారి పలుకు విన్నప్పుడు నిడివిని మాత్రమే కొలిస్తే మన చెవి అప్పుడప్పుడు మోసపోతుంది. పై తరగతుల పిల్లలకు ఈ సంగతి చెప్పాలి. చిన్న పిల్లలకు మన హ్రస్వ దీర్ఘాలు చాలు. 'షిప్'ను పొట్టిగా, 'షీప్'ను పొడుగుగా స్పష్టంగా పలికిన తెలుగువాడి మాట ప్రపంచంలో ఎక్కడైనా అర్థమవుతుంది. మనకు కావలసింది మాటలో తికమక లేకపోవడం. మరొకరి గొంతును అనుకరించడం కాదు.

తరగతి గదిలో ఏం చేయవచ్చు?

నా అనుభవంలో పనికివచ్చిన క్రమం ఇది. మీకు నచ్చితే ఆచరించండి, మార్పులు తోస్తే చేసుకోండి.

ముందుగా 'హ్రస్వం', 'దీర్ఘం' అనే మాటలను చెవికి వినబడే నిడివికే ఉంచుకోవాలి. పుస్తకంలోని 'లాంగ్' కోసం 'అక్షరం తన పేరు చెప్పడం' అంటే చాలు. ఈ ఒక్క జాగ్రత్తతో సగం గందరగోళం పోతుంది.

తరువాత చెవి, ఆ తరువాతనే రాత. ఇంట్లో వాడే ఇంగ్లీషు మాటలు పది చొప్పున తెమ్మనాలి. బస్సు వరుస ఒకటి, సీటు వరుస ఒకటిగా పిల్లలే విడదీస్తారు. అప్పుడు తెలుగు జంటలు (పడు-పాడు, మెడ-మేడ), వాటి పక్కన ఇంగ్లీషు జంటలు (ఫుల్-ఫూల్, సిట్-సీట్, టెస్ట్-టేస్ట్) పలికించాలి. హ్రస్వానికి ఒక చిటికె, దీర్ఘానికి రెండు చిటికెలు వేయిస్తే తరగతి అంతా పాల్గొంటుంది.

చివరికి రాత. మాట చివర పలకని 'ఈ' అక్షరం చేరితే లోపలి అక్షరం తన పేరు చెబుతుంది: 'బిట్' కాస్తా 'బైట్' అవుతుంది. హల్లు రెట్టిస్తే ముందున్న అచ్చు పొట్టిది. ఈ నియమాలు తప్పే మాటలనూ దాచకుండా చెప్పాలి. 'గివ్', 'హ్యావ్', 'కమ్' మాటల చివర ఆ 'ఈ' ఉన్నా అచ్చు తన పేరు చెప్పదు. 'రీడ్' అని వర్తమానంలో, 'రెడ్' అని భూతకాలంలో పలికే మాటకు రాత ఒక్కటే. "ఇది మీ తప్పు కాదు, ఆ రాతలోనే ఉంది చిక్కు" అని చెబితే పిల్లల భయం తీరుతుంది.

ఎందుకింత పట్టుదల?

ఒక్క అచ్చు కోసం ఇంత చర్చ అవసరమా అని మీరు అడగవచ్చు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు, అప్పటిదాకా హైదరాబాదు రాష్ట్రంలో అదిలాబాదు జిల్లాకు చెందిన రాజురా తాలూకా బొంబాయి రాష్ట్రానికి వచ్చింది. 1959లో చాందా జిల్లాలో కలిసింది. మా కోర్పనా ఆ నేలలోని భాగమే. గీత మారినంత మాత్రాన ఇళ్ళలోని భాష మారలేదు. అదే 1956లో రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేరింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని దాని సారాంశం. వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో బోధన ఉండాలని 2020 నాటి జాతీయ విద్యా విధానం కూడా చెప్పింది.

కానీ చట్టం తరగతి గదిని ఇవ్వగలదు గాని, పిల్లల్ని తెచ్చి కూర్చోబెట్టలేదు. తండ్రి తన బిడ్డను ఏ బడికి పంపాలో నిర్ణయించుకునేది "ఇంగ్లీషు వస్తదా?" అన్న ప్రశ్నను బట్టే. దానికి మనం సభల్లో చెప్పే జవాబు ఆయనకు చాలదు. బిడ్డ ఇంటికి వెళ్ళి 'టెస్ట్', 'టేస్ట్' మాటలను తేడాతో పలికి, ఎందుకో వివరించగలిగితే, అది జవాబు. తెలుగు వచ్చినందువల్లనే ఇంగ్లీషు తేలికైందని ఆ తండ్రి తన చెవులతో వినాలి. లేకపోతే మన తరగతిలో బల్లలు ఒక్కొక్కటే ఖాళీ అవుతాయి.

'మాతృభాష పడితే ఇంగ్లీషు మీద దాని నీడ పడుతుంది' అనేవారు ఉన్నారు. నీడ పడే మాట నిజమే. బ్యాగు, షాపు మాటల దగ్గర అది ఎలా పడుతుందో పైన నేనే చూపాను. కానీ నీడ ఎక్కడ పడుతుందో తెలిసిన ఉపాధ్యాయుడు అక్కడ దీపం పెట్టగలడు. ఇంటి భాషను గుమ్మం బయట ఆపితే ఆ నీడా కనబడదు, వెలుగూ రాదు.

ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు. ఎప్పుడైనా బస్‌స్టాండులో ఎదురుపడితే నమస్కారం పెడతాడు. ఆ రోజు సంగతి వాడికి గుర్తుందో లేదో నేను అడగలేదు. ఇప్పుడు నా తరగతిలో ఏ పిల్లవాడైనా 'బిట్'కు దీర్ఘం 'బీట్' అంటే, "ఒప్పు, చెవితో చక్కగా విన్నావు. ఇప్పుడు రాతలో ఏముందో కలిసి చూద్దాం" అంటాను. ఆనాడు అనవలసిన మాట అదే.

మీ ఇంట్లోనూ ఈ రాత్రి భోజనాల వేళ ఒకసారి ప్రయత్నించండి. మీ అమ్మగారు వాడే ఇంగ్లీషు మాటలు ఒక పది రాసుకుని, బస్సు వరుసలోకి ఏవి వస్తాయో, సీటు వరుసలోకి ఏవి వస్తాయో మీ బిడ్డతో విడదీయించండి. రెండు వరుసల్లోనూ ఇమడని మాట దొరికితే దాన్ని మరునాడు బడికి పంపండి. తరగతిలో ఆనాటి పాఠం దానితోనే మొదలవుతుంది.